బ్రేక్ ఇన్‌స్పెక్టరుకే క్యాబ్‌లు ఉన్నాయని అనుమానమా? కాగితాలతో తేల్చుకోవడం ఇలా

మా స్టాండులో ఒక మాట ఏళ్ల తరబడి తిరిగింది. "ఆ నాలుగు ఇన్నోవాలు సారువేరా, అందుకే వాటినెవరూ ఆపరు" అని. ఏ సారు అంటే మాత్రం ఎవరికీ తెలీదు. ఒకరు బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు, ఒకరు ఆఫీసులో ఎవరో పెద్దాయన అంటారు, ఈలోగా టీ అయిపోతుంది, ఎవరి డ్యూటీకి వాళ్లు వెళ్లిపోతారు. ఒకసారి నాకు ఒళ్లు మండి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. పదకొండు ప్రశ్నలు, అందులో ఏడు "ఎందుకు" అని అడిగేవే. నెల తర్వాత రెండు లైన్ల జవాబు వచ్చింది, మీరు అడిగింది సమాచారం కాదు, అభిప్రాయం అని. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ నాలుగు బళ్లలో రెండు, సారు ఇంటిపేరే ఉన్న వేరే మనిషివి, ఇద్దరికీ చుట్టరికమే లేదు. మిగతా రెండింటి సంగతి వేరు, అది చివర్లో చెప్తాను.

ఆ తర్వాత మెల్లగా నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. క్యాబ్ నడుపుకునేవాళ్లకి, యూనియన్లో తిరిగేవాళ్లకి, రెండు మూడు బళ్లతో ట్రావెల్స్ పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుంది. మోటారు వాహనాల చట్టం, సమాచార హక్కు చట్టం రెండూ కేంద్రానివే కాబట్టి ఆంధ్రా అయినా తెలంగాణ అయినా దారి దాదాపు ఒకటే.

మొదటి పని: ఆస్తి వెంట కాదు, సంతకం వెంట పడండి

అందరం చేసే తప్పు ఇదే. సారుకి ఎన్ని బళ్లున్నాయి, ఎంత ఇల్లు కట్టాడు, కూతురి పెళ్లికి ఎంత పెట్టాడు అని మొదలుపెడతాం. అది మీకు ఎప్పటికీ తేలదు, తేలినా మీ ఫిర్యాదుకి బలం రాదు. ఆయన ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఆ సంతకం వల్ల ఏ బండికి లాభం జరిగింది, ఇది తేలాలి. బళ్లున్న మనిషి అధికారి కావడం ఒక ఎత్తు, తన బళ్ల మీదో తన పోటీదారు బళ్ల మీదో తానే నిర్ణయం తీసుకోవడం ఇంకో ఎత్తు. పేపర్లలో "పరస్పర విరుద్ధ ప్రయోజనాలు" అని రాసేది ఈ రెండోదాన్నే.

ముందు ఎవరి పని ఏదో విడదీసుకోండి. ఆటోమేటెడ్ టెస్టింగ్ కేంద్రం ఇంకా రాని చోట బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇచ్చేది, రోడ్డు మీద ఆపి వీసీఆర్ (తనిఖీ రిపోర్టు) రాసేది ఎంవీఐ, ఏఎంవీఐలు, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు అనేవాళ్లు. పర్మిట్ల మీద అధికారం చట్టం ప్రకారం ఆర్టీఏది (రీజినల్ ట్రాన్స్‌పోర్టు అథారిటీ), రాష్ట్ర స్థాయిలో ఎస్టీఏది (స్టేట్ ట్రాన్స్‌పోర్టు అథారిటీ). ఇక్కడ చిన్న గందరగోళం ఉంది. మనం "ఆర్టీఏ ఆఫీసుకెళ్లొచ్చా" అంటే ఆ బిల్డింగు అనుకుంటాం, చట్టంలో ఆర్టీఏ అంటే ఒక ఛైర్మన్, మహా అయితే ఇంకో ఇద్దరు సభ్యులు ఉండే కమిటీ. ఒక్కోసారి ఒకే అధికారితోనూ నడిపించొచ్చు. ఉబర్ లాంటి యాప్ కంపెనీలకి లైసెన్సు, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 93వ సెక్షన్ కింద రాష్ట్రం ఇస్తుంది. దీంట్లో డబ్బు ఎంత ఉందో చూడండి: 2020 కేంద్ర మార్గదర్శకాల్లో రద్దీ వేళ బేస్ ఛార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేయొచ్చన్నారు, 2025 జులైలో వచ్చిన కొత్తవాటిలో దాన్ని బేస్ ఛార్జీకి రెండు రెట్ల దాకా పెంచారు. రాష్ట్రం దీన్ని ఎలా అమలు చేయాలో ఫైలు రాసే మనిషికి ఆ వ్యాపారంలో ఏదైనా వాటా ఉంటే, నాలుగు ఇన్నోవాల గొడవ దాని ముందు ఎంత?

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, టైము, చోటు, బండి నంబరు, ఏం జరిగింది, ఎవరు చేశారు, అంతే రాయండి. "మళ్లీ వదిలేశాడు" లాంటి కామెంట్లు రాయొద్దు. రెండు మూడు నెలలు రాస్తే మీ అనుమానంలో సగం గాలికి పోతుంది, మిగిలిన సగం గట్టిగా నిలబడుతుంది.

రెండో పని: ఆ కుర్చీకి ఏ రూలు వర్తిస్తుందో చూసుకోండి

అందరికీ ఒకే రూలు లేదు. చాలా ఫిర్యాదులు చెత్తబుట్టలో పడేది ఇక్కడే.

ఆ మనిషి ఆర్టీఏలోనో ఎస్టీఏలోనో సభ్యుడైతే మీ చేతిలో చాలా పదునైన ఆయుధం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 68వ సెక్షన్, రెండో సబ్‌సెక్షన్. రవాణా సంస్థలో యజమానిగా గానీ ఉద్యోగిగా గానీ ఇంకెలాగైనా గానీ ఆర్థిక ప్రయోజనం ఉన్నవాళ్లు సభ్యులుగా చేరకూడదు, కొనసాగకూడదు. పదవిలో ఉండగా అలాంటి ప్రయోజనం వస్తే నాలుగు వారాల్లోపు ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పి కుర్చీ ఖాళీ చేయాలి. ఇక్కడ లంచం తిన్నాడని మీరు నిరూపించక్కర్లేదు, పక్షపాతం చూపించాడనీ నిరూపించక్కర్లేదు. ప్రయోజనం ఉంది, చాలు. ఈ కమిటీల్లో ప్రభుత్వ ఉద్యోగులు కానివాళ్లని కూడా సభ్యులుగా వేయొచ్చు కాబట్టి, ట్రావెల్స్ నడుపుకునే లోకల్ నాయకుడు వచ్చి కూర్చునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఎంవీఐ, ఆర్టీవో, డీటీసీ (డిప్యూటీ ట్రాన్స్‌పోర్టు కమిషనర్) లాంటి రాష్ట్ర ఉద్యోగులైతే 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి చూడాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా నేరుగా గానీ చాటుగా గానీ వ్యాపారం చేయకూడదు, ఏటా ఆస్తుల వివరాలు ఇవ్వాలి. కొత్త భారతీయ న్యాయ సంహిత 202వ సెక్షన్ కూడా ఉంది, వ్యాపారం చేయకూడదని చట్టం కట్టడి చేసిన ప్రభుత్వ సేవకుడు చేస్తే ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో, లేదంటే సమాజసేవో. పాత ఐపీసీలో ఇది 168. కమిషనర్ ఐఏఎస్ అయితే ఆయన స్థిరాస్తుల రిటర్ను కేంద్ర సిబ్బంది శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు, కాకపోతే అందులో ఇళ్లు, పొలాలే ఉంటాయి, బళ్లు ఉండవు.

రిటైరై యాప్ కంపెనీలకో పెద్ద ట్రావెల్స్‌కో సలహాదారుగా చేరేవాళ్ల సంగతి వేరు. ఐఏఎస్ అధికారి రిటైరైన ఏడాది లోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ముందు అనుమతి ఉండాలి. ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. యూరోపియన్ కమిషన్‌లో పనిచేసిన నీలీ క్రూస్ 2016లో ఉబర్ సలహా మండలిలో చేరారు. ఆమె చేరడానికి ముందే, పదవి దిగాక ఆగాల్సిన గడువులోనే, లోపల్లోపల కంపెనీకి సాయం చేశారని 2022 జులైలో బయటపడ్డ ఉబర్ పత్రాలు చెప్పాయి, ఆమె కాదన్నారు.

ఒక పాత కేసు చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే అది మన కృష్ణా జిల్లాది. ఆర్టీసీ కొత్తగా పుట్టిన రోజుల్లో ఆ జిల్లా బస్సు రూట్లను ప్రైవేటువాళ్ల దగ్గర్నుంచి తీసుకోవడానికి పథకం తయారైంది. ప్రైవేటు ఓనర్ల అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, ఆమోదించింది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1958 నవంబరులో కోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. ఆ శాఖ పెద్దే ఆ శాఖ మీద వచ్చిన అభ్యంతరాలు వినడం తన కేసులో తానే జడ్జీగా కూర్చోవడం లాంటిదని, పైగా విన్నది ఒకరు, తీర్పిచ్చింది ఇంకొకరని తప్పుపట్టింది. ఆ కార్యదర్శి జేబులోకి పైసా పోయిందని ఎవరూ అనలేదు, గమనించారా? ఫిర్యాదులో "అవినీతిపరుడు" అని రాయాలని చెయ్యి దురద పెట్టినప్పుడు నాకు ఈ కేసే గుర్తొస్తుంది. తినకపోయినా తప్పే అని అరవై ఏళ్ల కిందటే తేలిపోయింది.

మూడో పని: బండి నంబరు నుంచి ఓనరు దాకా

వాహన్ లాంటి పోర్టల్లో నంబరు కొడితే ఓనరు పేరు చుక్కలు, స్టార్లతో దాచి చూపిస్తుంది. ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్సు ఉందా లాంటివి మాత్రం కనిపిస్తాయి. అవే మీకు కావాలి. ఎఫ్‌సీ అయిపోయిన బండి రోజూ అదే చెక్కింగు ముందు నుంచి పోతోంటే అది నోటుబుక్కులో రాసుకోవాల్సిన విషయం.

ఓనరు పేరు కావాలంటే బిల్లు అడగండి. ఒకసారి ఆ ట్రావెల్స్ బండి ఎక్కి, డబ్బు కట్టి, బిల్లు తీసుకోండి. దాని మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్లో ఉచితంగా వెతకొచ్చు, బోర్డు మీద "శ్రీ వెంకటేశ్వరా ట్రావెల్స్" అని ఏమున్నా చట్టపరమైన పేరు అక్కడ దొరుకుతుంది, సొంత వ్యాపారమైతే మనిషి పేరే వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో డైరెక్టర్ల పేర్లు ఉంటాయి, కొద్దిపాటి ఫీజు కడితే వార్షిక రిటర్నులో వాటాదారులు కూడా. భాగస్వామ్య సంస్థయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర.

పేరు కలిసింది కదా అని ఎగరొద్దు. నా రెండు ఇన్నోవాల కథ చెప్పాను కదా. పేరు, తండ్రి పేరు, అడ్రసు, ఈ మూడూ కలిస్తేనే ఒక అడుగు వేయండి. ఇంకోటి, భార్య పేరు మీద బండి ఉంటే అది బినామీయే అని స్టాండులో అందరూ తీర్పిచ్చేస్తారు, చట్టం అలా చెప్పదు. భార్య పేరు మీదో పిల్లల పేరు మీదో, లెక్కకి అందే ఆదాయంతో కొంటే అది బినామీ కాదు, 2016లో సవరించిన బినామీ చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. కాబట్టి "బినామీ" అనే మాటని పక్కన పెట్టి, "కుటుంబ సభ్యుల పేరు మీద ఉన్న బండి, అదే అధికారి ఎఫ్‌సీ సంతకం" అని రాయండి. అది కాదనడం కష్టం.

నాలుగో పని: ఆర్టీఐ, "ఎందుకు" లేకుండా

ఎందుకు, ఎలా, ఏం చర్య తీసుకోబోతున్నారు, ఇవి అడగొద్దు. రికార్డు అడగండి, కాపీ అడగండి. యూనియన్ లెటర్‌హెడ్ మీద కాకుండా ఒక మనిషి పేరుతో పెట్టండి, హక్కు పౌరుడిది. కారణం చెప్పక్కర్లేదు. ఫీజు మామూలుగా 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసుకైతే 5. నేను ఇప్పుడు రాసేది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"మీ జిల్లా రీజినల్ ట్రాన్స్‌పోర్టు అథారిటీలో ప్రస్తుత సభ్యుల పేర్లు, వారిని నియమించిన జీవో కాపీ. గత ఏడాది జరిగిన సమావేశాల ఎజెండా, మినిట్స్ కాపీలు. ఫలానా నెలలో మీ కార్యాలయం పరిధిలో రాసిన వీసీఆర్‌ల జాబితా: తేదీ, చోటు, వాహనం నంబరు, రాసిన అధికారి హోదా. ఫలానా నంబరు వాహనానికి గత మూడేళ్లలో ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల తేదీలు, తనిఖీ చేసిన అధికారి హోదా."

చూశారా, ఇందులో అధికారి వ్యక్తిగత జీవితం ఒక్క ముక్క లేదు. అన్నీ ఆఫీసు పనులే. ఆయన ఆస్తుల రిటర్ను అడిగారనుకోండి, వ్యక్తిగత సమాచారం అని సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) చూపించి తిప్పి పంపేస్తారు. 2012లోనే సుప్రీంకోర్టు గిరీష్ దేశ్‌పాండే కేసులో అటువైపు మొగ్గింది. డేటా రక్షణ చట్టం ద్వారా 2025 నవంబరు నుంచి ఆ క్లాజు ఇంకా బిగుసుకుంది, వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఇవ్వకపోవచ్చు అన్నట్టు తయారైంది. నా ఉద్దేశంలో ఇది ఆర్టీఐకి తగిలిన పెద్ద దెబ్బ. కానీ రెండు తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. ఒకటి, 8(2): ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. రెండోది చాలామందికి తెలీదు, 4(1)(బి)లో పదమూడో అంశం: రాయితీలు, పర్మిట్లు, అనుమతులు పొందినవాళ్ల వివరాలు ఆఫీసు ఎవరూ అడక్కుండానే తనంతట తాను ప్రచురించాలి. టాక్సీ పర్మిట్ అంటే పర్మిట్టే కదా. పర్మిట్ పొందినవాళ్ల జాబితా అడిగేటప్పుడు దరఖాస్తులోనే ఈ అంశం నంబరు రాసేయండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇంకో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. దానికీ కదలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. జవాబివ్వని అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. కమిషన్ దగ్గర ఆలస్యం భరించాల్సిందే, ఈలోగా డ్యూటీ మానుకోకండి.

ఐదో పని: ఆఫీసు ముందు ఆగి ఉన్న హైరు బండిని మర్చిపోవద్దు

అందరూ రోడ్డు మీద తిరిగే బళ్లే చూస్తారు. ప్రభుత్వ ఆఫీసులు నెల అద్దెకి తీసుకునే కార్లున్నాయి చూడండి, అసలు కథ చాలాసార్లు అక్కడుంటుంది. బండి టాక్సీగా రిజిస్టరై ఉండాలి, అంటే పసుపు ప్లేటు. వైట్ ప్లేటు కారు "ప్రభుత్వ విధుల్లో" అని స్టిక్కరేసుకుని తిరుగుతుంటే అక్కడే ఒక ప్రశ్న పుట్టినట్టు. సొంత కారునే బావమరిది పేరు మీదో డ్రైవరు పేరు మీదో చూపించి, తానే ఎక్కి తిరిగి, తానే బిల్లు మీద సంతకం పెట్టుకునే పద్ధతి గురించి ఆ లైన్లో ఉన్నవాళ్లెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

దీనికి ఆర్టీఐ తేలిక, ఎందుకంటే ప్రజల డబ్బు పోతోంది. అద్దె ఒప్పందం కాపీ, కొటేషన్లు, ఆర్సీ, పర్మిట్ కాపీలు, ఆరు నెలల లాగ్‌బుక్కు, చెల్లించిన బిల్లులు, డబ్బు ఏ పేరుకి వెళ్లింది, ఇవి అడగండి. కాపీలిచ్చేంత ఓపిక లేదంటే ఫైలు చూస్తామనండి, మొదటి గంటకి ఫీజు ఉండదు. లాగ్‌బుక్కు మాత్రం తప్పకుండా చూడండి. ఆదివారాలు, పండగలు, అధికారి సెలవులో ఉన్న రోజులు, ఆ రోజుల్లో బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినట్టు రాశారో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ఆరో పని: ఏ కాగితం ఏ గుమ్మానికి

ఆర్టీఏ సభ్యుడి మీదైతే రాష్ట్ర రవాణా శాఖ కార్యదర్శికి, 68(2) పేరు చెప్పి. నెలలు గడిచినా కదలకపోతే ఏ అర్హతతో ఆ పదవిలో ఉన్నావని నిలదీసే కోవారంటో రిట్ హైకోర్టులో వేయొచ్చు, దానికి లాయరు కావాలి. ఉద్యోగి మీదైతే రవాణా కమిషనరుకి, ప్రవర్తనా నియమావళి కింద. డబ్బులు అడిగితే మాత్రం ఇవన్నీ వద్దు, నేరుగా ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖ) 1064 నంబరుకి ఫోన్ చేయండి. ఆదాయానికి మించిన ఆస్తులంటే కూడా ఏసీబీనే, కానీ అక్కడికి నంబర్లు, పేర్లు, కాపీలతో వెళ్లండి, "అందరూ అనుకుంటున్నారు" అంటే ఎవరూ కదలరు. లోకాయుక్త రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మీ పర్మిట్టే తిరస్కరించారంటే అది ఫిర్యాదు కాదు, అప్పీలు, మోటారు వాహనాల చట్టం 89వ సెక్షన్ కింద గడువు దాటకుండా రవాణా అప్పీలు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఈ రెండూ కలిపేసి రాస్తే రెండూ చెడతాయి.

ఫిర్యాదు రెండు పేజీలు దాటనివ్వొద్దు. ఈ తేదీన ఈ అధికారి ఈ కాగితం మీద సంతకం చేశారు, ఈ బండి ఈ పేరు మీద ఉంది, ఈ పేరుకి ఆయనకి ఈ సంబంధం, ఈ రూలు, జత చేసిన కాపీలు. విశేషణాలు తీసేయండి.

మీ జాగ్రత్త

మంచి మాట చెప్పలేను. ఫిర్యాదుదారులకి రక్షణగా పార్లమెంటు 2014లో చట్టం చేసింది, దాన్ని ఇంతవరకు అమల్లోకి తేలేదు. పైగా రేపు మీ బండి ఎఫ్‌సీకి వెళ్లేది అదే ఆఫీసుకి. అందుకే ఆర్టీఐ ఒక్క డ్రైవరు పేరుతో కాకుండా, బండి లేని మనిషి, అంటే రిటైరైన బాబాయో, చదువుకుంటున్న తమ్ముడో, వాళ్ల పేరుతో పెట్టడం మేలు. ఫిర్యాదు యూనియన్ తరఫున పది సంతకాలతో. ముందే మీ బండి కాగితాలన్నీ సరిచేసుకోండి, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి.

వాట్సాప్ గ్రూపుల్లో అధికారి ఫొటో, భార్యాపిల్లల పేర్లు, ఇంటి అడ్రసు పెట్టకండి. పరువునష్టం కింద మీ మీదే కేసు పడుతుంది, అంతకంటే ముందు అది తప్పు కూడా. మా గ్రూపులో ఒకతను పెట్టాడు, సారు సంగతి పక్కకి పోయి ఆరు నెలలు అతని కేసు చుట్టూ తిరిగాం.

ఇది చదివేవాళ్లలో ఆ శాఖ ఉద్యోగులు ఉంటే ఒక్క మాట. తమ్ముడు క్యాబ్ కొనుక్కుంటే మీ తప్పేం కాదు. ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పి, ఆ బండి ఎఫ్‌సీ వేరే ఎంవీఐ చూసేలా ఫైలు మీద రాయించుకోండి. ఆ ఒక్క కాగితం ఉంటే స్టాండులో ఎవడేమన్నా మీకు టెన్షన్ ఉండదు.

ఇక ఆ మిగతా రెండు ఇన్నోవాలు. ఒకటి అదే జిల్లాలో వేరే ఆఫీసుకి హైరు బండిగా పోతోందని లాగ్‌బుక్కుతో తేలింది, ఆర్సీ సారు బావమరిది పేరు మీద, మూడు ఎఫ్‌సీల్లో రెండిటి మీద సారు సంతకం. రెండు పేజీల ఫిర్యాదు వెళ్లింది. నాలుగు నెలల తర్వాత హైరు ఆగిపోయింది, సారు బదిలీ అయ్యాడు, కారణం మాకెవరూ చెప్పలేదు. రెండోదాని ఓనరు ఎవరో ఇప్పటికీ తేలలేదు, అప్పీలు సమాచార కమిషన్ దగ్గర ఉంది.